మందు, గంజాయి ఒకే రాత్రి: కాలేజీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండూ ముట్టని వాళ్లకు ఈ రెండింటి ప్రమాదమూ ఉండదు. అన్నిటికంటే క్షేమమైన దారి అదే. కానీ పార్టీల్లో గ్లాసూ జాయింటూ ఒకే గదిలో, ఒకే చేతికి అందుతున్నాయి. "వద్దు" అన్న మాటతో ఆగేవాళ్లు ఎప్పుడో ఆగారు. ఆగని వాళ్లకూ, వాళ్ల పక్కన కూర్చునే స్నేహితులకూ తెల్లారేసరికి ఏమీ కాకూడదని ఈ పేజీ రాశాం. మొత్తం చదివే ఓపిక లేకపోతే అంబులెన్స్ గురించిన ప్రశ్న ఒక్కటైనా చదవండి.

విడివిడిగా తీసుకున్నప్పుడు నాకేం కాలేదు. కలిపితే కొత్తగా ఏమవుతుంది?

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం జ్ఞాపకశక్తి, ఒంటి అదుపు, కాలం గడుస్తున్న స్పృహ, భయం లాంటివాటిని నడిపే భాగాల మీద పనిచేస్తుంది. రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే నడక, చూపు, నిర్ణయం, జ్ఞాపకం అన్నీ రెండు వైపుల నుంచీ దెబ్బతింటాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రక్తంలో మద్యం ఉన్నప్పుడు గంజాయి పీలిస్తే, టీహెచ్‌సీ మామూలుకంటే ఎక్కువ స్థాయిలో రక్తంలోకి చేరుతుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అంటే రోజూ అలవాటైన రెండు దమ్ములే ఆ రాత్రి పెద్ద మోతాదులా పనిచేయొచ్చు. "నా లిమిట్ నాకు తెలుసు" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆ లిమిట్ విడివిడిగా తీసుకున్నప్పుడు తెలిసినది. కలిపినప్పుడు అది వర్తించదు.

మరి ఏది ముందు తీసుకుంటే మంచిది?

ఏ వరసలోనూ క్షేమం లేదు. ముందు తాగి తర్వాత పీలిస్తే పైన చెప్పిన కారణంగా గంజాయి ఒక్కసారిగా తలకెక్కుతుంది. తల తిరగడం, వాంతులు, కూలబడిపోవడం ఎక్కువగా ఈ వరసలోనే చూస్తాం. ముందు పీల్చి తర్వాత తాగితే, మద్యం రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరవచ్చు. ఇంకా ఎక్కలేదనుకుని మరో గ్లాసు పోసుకుంటారు. తాగినదంతా ఆలస్యంగానైనా రక్తంలోకి చేరక మానదు. పైగా పీల్చిన మత్తులో ఎన్ని గ్లాసులయ్యాయో లెక్క ఉండదు.

వరస గురించి వాదించుకునే బదులు, ఈ రాత్రికి రెండింటిలో ఏదో ఒకటే అని ముందే తేల్చుకోవడం ఎంతో మేలు.

గంజాయి వికారం తగ్గిస్తుందంటారు. అలాగైతే తాగినప్పుడు మంచిదే కదా?

వికారం తగ్గిస్తుందన్నది నిజమే. కీమోథెరపీ తీసుకునే క్యాన్సర్ రోగుల వాంతుల కోసం కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీ మాత్రకు అమెరికాలో 1985లోనే అనుమతి వచ్చింది. తాగిన రాత్రి ఆ గుణమే ప్రమాదం. మద్యం మోతాదు మించినప్పుడు శరీరం వాంతి చేసుకుని కడుపులో మిగిలినది బయటికి నెడుతుంది. ఆ వాంతిని గంజాయి అణిచేస్తే, మిగిలిన మద్యం కూడా రక్తంలోకే పోతుంది. అలాగని వాంతి రాదన్న హామీ కూడా లేదు. రెండూ కలిసిన మత్తులో వెల్లకిలా పడుకున్న మనిషికి వాంతి అయితే, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు.

గంజాయితో ఎవరూ చావరంటారు. నిజమా?

ఊపిరిని నడిపే మెదడు కాండంలో టీహెచ్‌సీ అతుక్కుని పనిచేసే చోట్లు (గ్రాహకాలు) చాలా తక్కువ. అందుకే గంజాయి ఒక్కదాని వల్లే పెద్దవాళ్లకు ఊపిరి ఆగిపోవడం అత్యంత అరుదు. ఈ సగం నిజాన్ని పట్టుకుని చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. మద్యం సంగతి వేరు, అది ఊపిరిని నేరుగా అణచగలదు. ఇక గంజాయి గుండె వేగాన్ని బాగా పెంచుతుంది, నిలబడగానే రక్తపోటు పడిపోయేలా చేస్తుంది. తాగి ఉన్న మనిషి ఆ క్షణంలో మెట్ల మీదో, బాల్కనీలోనో ఉంటే ఏమవుతుందో ఊహించండి. పడిపోవడం, మునిగిపోవడం, రోడ్డు ప్రమాదం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఈ కలయికలో భయపడాల్సినవి ఇవి.

సింథటిక్ గంజాయి పేరుతో దొరికే రసాయనాలు అసలు గంజాయే కావు. వాటితో ఫిట్స్, కిడ్నీ దెబ్బతినడం, మరణాలు నమోదయ్యాయి. వాటిని మద్యంతోనే కాదు, విడిగా కూడా ముట్టకండి.

ఎంత తాగితే ఎక్కువ కింద లెక్క?

గ్లాసులు కాదు, గ్రాములు చూడాలి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మి.లీ. బీరులో సుమారు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 40 శాతం ఉన్న విస్కీ, వోడ్కా లాంటివాటిలో 60 మి.లీ.కే 19 గ్రాములు. లివర్ గంటకు దాదాపు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. ఆ వేగాన్ని కాఫీ గానీ, చన్నీళ్ల స్నానం గానీ, నిమ్మరసం గానీ పెంచలేవు. ఒకే బరువున్నా అమ్మాయిల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి, అంతే తాగినా రక్తంలో మద్యం స్థాయి ఎక్కువగా ఉంటుంది. "వాడితో సమానంగా తాగాను" అన్న లెక్క ఎవరికీ పనికిరాదు.

ఆరోగ్యానికి ఏ హానీ చేయని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

గంజాయికి ఇలాంటి కొలత కూడా కుదరదు. ఒక పొట్లానికీ ఇంకో పొట్లానికీ ఘాటు తేడా. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో 1990 దశకం మధ్యలో టీహెచ్‌సీ సగటున 4 శాతం ఉండేది, 2020 దశకం మొదట్లో అది 15 శాతం దగ్గరికి చేరింది. వేప్ పెన్నుల్లో వాడే గాఢమైన నూనెల్లో 60 శాతం దాటడం మామూలే.

గంజాయి కలిపిన తినుబండారాలు పొగ కంటే నయమా?

ఊపిరితిత్తుల వరకు నయం కావచ్చు. కానీ మద్యంతో కలిపేటప్పుడు వీటికే ఎక్కువ భయపడాలి. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు, తర్వాత 6 నుంచి 12 గంటలు వదలదు. "ఇంకా ఏమీ కాలేదే" అని ఇంకో ముక్క తిని, మధ్యలో రెండు గ్లాసులు తాగితే అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు వెనక్కి తీసుకునే మార్గం లేదు. ఇవి తిన్న రోజు మద్యం జోలికి పోకండి. తెలియని వాళ్లకు చెప్పకుండా పెట్టడం సరదా కాదు, అది ఒక మనిషికి మత్తుమందు ఇవ్వడమే.

మానమంటే ఈ రాత్రికి నేను మానను. మరి ఏం చేయాలి?

ఈ మాట నిజాయితీగా అడిగే వాళ్లంటే మాకు గౌరవం. జవాబు కూడా సూటిగా చెబుతాం.

నిర్ణయాలన్నీ మొదటి గుక్కకు ముందే జరిగిపోవాలి. మొదటి గంట తర్వాత నిర్ణయించే మెదడు మీది కాదు. ఎన్ని గ్లాసులు, ఎన్ని గంటలకు ఆపడం, ఎవరితో తిరిగి రావడం, అన్నీ ముందే అనుకుని తోడుగా వచ్చే స్నేహితుడికి చెప్పండి. ఆ స్నేహితుల్లో ఒకరైనా ఆ రాత్రి ఏదీ ముట్టకూడదు. ఇద్దరైతే ఇంకా మంచిది. ఒకరు పడిపోయిన వాళ్ల దగ్గర ఉంటే ఇంకొకరు సాయం తేగలరు.

కడుపు నిండా తిని వెళ్లండి. ఖాళీ కడుపున మద్యం చాలా వేగంగా ఎక్కుతుంది. మీ గ్లాసు మీరే కొలిచి పోసుకోండి, వేరేవాళ్లు నింపుతూ పోతే లెక్క తప్పుతుంది. మధ్యమధ్య నీళ్లు తాగండి. నీళ్లు మత్తును తగ్గించవు గానీ, తాగే వేగాన్ని తగ్గిస్తాయి. ఎనర్జీ డ్రింకులు కలపకండి. అవి నిద్ర మత్తును కప్పిపెడతాయి, దాంతో ఇంకా తాగగలం అనిపిస్తుంది.

తాగడం మొదలుపెట్టాక జాయింట్ చుట్టూ తిరిగి మీ దగ్గరికి వస్తుంది. ఆ క్షణం గురించే ముందుగా ఆలోచించుకోవాలి. "నాకొద్దు, తాగి ఉన్నాను" అనేది పూర్తి జవాబే. దానికి వివరణ అక్కర్లేదు. అయినా తీసుకుంటే, ఒకే ఒక చిన్న దమ్ము పీల్చి కనీసం అరగంట ఆగండి. పొగను లోపల బిగబట్టడం వల్ల కిక్కు పెద్దగా పెరగదు, ఊపిరితిత్తులకే నష్టం. ఇక అక్కడి నుంచి గ్లాసు పక్కన పెట్టేయండి.

ఒంటరిగా గదిలో రెండూ కలపడం అన్నిటికంటే ప్రమాదం. ఏమైనా అయితే తలుపు తట్టేవాళ్లు కూడా ఉండరు.

స్నేహితుడు పాలిపోయి, చెమటలు పట్టి, తల తిరుగుతోందంటున్నాడు. ఏం చేయాలి?

స్పృహలో ఉండి, పిలిస్తే సరిగ్గా పలుకుతుంటే, గంజాయి ఎక్కువై ఇలా జరిగి ఉండొచ్చు. చప్పుడు, జనం లేని చోటికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గబుక్కున లేపి నిలబెట్టకండి, పడిపోతారు. కొంచెం కొంచెంగా నీళ్లు ఇవ్వండి. "చచ్చిపోతున్నా" అని భయపడుతుంటే నవ్వకండి, వీడియో తీయకండి. నెమ్మదిగా మాట్లాడుతూ, ఇది కాసేపట్లో దిగుతుందని చెబుతూ పక్కనే ఉండండి. అయితే అతను తాగి కూడా ఉన్నాడని మర్చిపోవద్దు. కడుపులో ఉన్న మద్యం ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఇప్పుడు మాట్లాడుతున్న మనిషి ముప్పావు గంట తర్వాత పలకకపోవచ్చు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం ఉంటే గంజాయి భయమే అనుకుని వదిలేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంబులెన్స్ ఎప్పుడు పిలవాలి?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే పిలవాలి. అన్నీ కలిసి కనిపించేదాకా ఆగకండి.

- గట్టిగా పిలిచినా, భుజం కుదిపినా, గిల్లినా లేవడం లేదు
- నిమిషానికి 8 కంటే తక్కువ సార్లు ఊపిరి తీస్తున్నారు, లేదా ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటుతోంది
- పెదాలు, గోళ్లు నీలంగా మారాయి, ఒళ్లు చల్లబడింది
- ఫిట్స్ వచ్చాయి
- మత్తులో ఉండగానే వాంతి చేసుకుంటూ, లేవలేకపోతున్నారు
- పడి తలకు దెబ్బ తగిలింది. మత్తులో ఉన్నట్టే కనిపించినా సరే

అంబులెన్స్ వచ్చేలోపు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పై కాలిని మోకాలి దగ్గర వంచి ముందుకు పెడితే మళ్లీ వెల్లకిలా దొర్లరు. తల కాస్త వెనక్కి వంచి, నోరు నేల వైపు ఉండేలా చూస్తే వాంతి బయటికి పోతుంది. ఊపిరి పూర్తిగా ఆగిపోతే ఫోన్‌లో ఉన్న అత్యవసర సిబ్బందికి వెంటనే చెప్పి, వాళ్లు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

నోట్లో వేళ్లు పెట్టి వాంతి చేయించకండి. చన్నీళ్లు కుమ్మరించకండి. నడిపించకండి. నోట్లో ఏమీ పోయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, "పడుకుంటే పొద్దున్నకి తగ్గిపోతుంది" అని తలుపు వేసి వెళ్లకండి. ఎంతోమంది యువకుల ప్రాణాలు ఆ ఒక్క మాట వల్లే పోయాయి. చివరి గ్లాసు తర్వాత కూడా చాలాసేపు రక్తంలో మద్యం పెరుగుతూనే ఉంటుంది. నిద్రపోతున్నట్టు కనిపించే మనిషి నిజానికి స్పృహ కోల్పోతూ ఉండొచ్చు.

పిలిస్తే కాలేజీకి, పోలీసులకు, ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుందేమో?

తెలియొచ్చు. ఆ భయం మాకు అర్థమవుతుంది, తేలిగ్గా తీసుకోవడం లేదు. గంజాయికి చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో చట్టబద్ధం చేశాయి. చాలా దేశాల్లో దగ్గర ఉంచుకోవడమే నేరం. కొన్ని విశ్వవిద్యాలయాల్లో సాయం కోసం పిలిచిన వాళ్ల మీద క్రమశిక్షణ చర్య తీసుకోకూడదన్న నియమం ఉంది. మీ దగ్గర ఉందో లేదో పార్టీకి ముందే తెలుసుకోండి. లేకపోయినా పిలవాల్సిందే. సస్పెన్షన్ నుంచి కోలుకోవచ్చు.

డాక్టర్‌కు మాత్రం ఏం తీసుకున్నారో, ఎంత, ఎప్పుడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. మద్యం సంగతి చెప్పి గంజాయి సంగతి దాచడం చాలాసార్లు జరుగుతుంది. దానివల్ల గుండె వేగం ఎందుకు పెరిగిందో, మనిషి ఎందుకు పలకడం లేదో వాళ్లకు వెంటనే అర్థం కాదు. అనవసరమైన పరీక్షలకు సమయం పోతుంది.

కొంచెమే తీసుకున్నాను. బండి నడపొచ్చా?

వద్దు. తాగినవాళ్లు దూకుడుగా నడుపుతారు. గంజాయి పీల్చినవాళ్లు తేడా గమనించి కాస్త నెమ్మదించడానికి ప్రయత్నిస్తారు. రెండూ కలిస్తే ఆ కాస్త జాగ్రత్త కూడా పోతుంది. 1990 దశకంలో నెదర్లాండ్స్‌లో నిజమైన రోడ్ల మీద ఈ పరీక్షలు చేశారు. కొద్దిపాటి మద్యానికి కొద్దిపాటి టీహెచ్‌సీ తోడైతే, కారు లేన్‌లో ఎంతగా ఊగిందంటే, అంతకు రెట్టింపు మద్యం రక్తంలో ఉన్నప్పుడు కనిపించేటంత. మర్నాడు పొద్దున కూడా తల బరువుగా ఉంటే తాళం ముట్టుకోకండి. మత్తులో ఉన్నవాళ్ల వెనక సీట్లో కూర్చోవడం కూడా అంతే ప్రమాదం.

రాత్రి ఏం జరిగిందో గుర్తులేదు. అందరూ మామూలుగానే మాట్లాడావంటున్నారు.

దాన్ని బ్లాకవుట్ అంటారు. స్పృహ తప్పడం వేరు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, కానీ మెదడులో కొత్త జ్ఞాపకాలు నమోదయ్యే భాగం పనిచేయడం ఆగిపోతుంది. మద్యం, టీహెచ్‌సీ రెండూ అదే భాగాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి కలిపినప్పుడు బ్లాకవుట్‌కు అవకాశం ఎక్కువ. ఒక్కసారి జరిగినా అది గట్టి హెచ్చరికే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ స్థితిలో ఉన్న మనిషి శారీరక సంబంధానికి సమ్మతి ఇవ్వలేరు. నవ్వుతూ "సరే" అన్నా అది సమ్మతి కాదు. మీకు అలా జరిగి ఉంటే తప్పు మీది కాదు. వీలైనంత త్వరగా వైద్య సాయం తీసుకోండి, నమ్మే ఒకరికైనా చెప్పండి.

నేను మాత్రలు వాడుతున్నాను. ఏమైనా సమస్యా?

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, ఓపియాయిడ్ (నల్లమందు రకం) నొప్పి మాత్రలు, ఫిట్స్ మందులు, మగత తెప్పించే జలుబు మందులు వాడుతుంటే మద్యం, గంజాయి రెండూ వద్దు. మద్యంతో కలిస్తే వీటిలో కొన్ని ఊపిరినే ఆపగలవు. తాగిన రాత్రి తలనొప్పికి పారాసెటమాల్ ఎక్కువ మింగితే లివర్‌కు ముప్పు. డిప్రెషన్ మాత్రలు వేసుకునేవాళ్లు పార్టీ ఉందని ఆ రోజు మాత్ర మానేస్తుంటారు. అది కూడా మంచిది కాదు, డాక్టర్‌తో దాచకుండా మాట్లాడండి.

నిద్ర పట్టదు, పరీక్షల టెన్షన్. రెండూ కలిపితేనే కాస్త ప్రశాంతంగా ఉంటుంది.

త్వరగా నిద్ర పట్టడం నిజమే. కానీ మద్యం రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. కలలొచ్చే దశ నిద్రను రెండూ తగ్గిస్తాయి. చదివింది గుర్తుండటానికి ఆ నిద్ర కావాలి. అందుకే ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్నే తల పనిచేయదు. ఆ టెన్షన్ తగ్గించుకోవడానికి సాయంత్రం మళ్లీ అదే దారి. ఈ ప్రశ్న అడిగేవాళ్ల గురించే మాకు ఎక్కువ దిగులు. సరదాకు తీసుకునేవాళ్ల కంటే బాధను మరిచిపోవడానికి తీసుకునేవాళ్లకే ఇది అలవాటుగా ముదిరే అవకాశం ఎక్కువ. నిద్ర, ఆందోళన రెండింటికీ మంచి చికిత్సలున్నాయి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి "వ్యసనపరుడు" అయ్యేదాకా ఆగక్కర్లేదు.

పీల్చినప్పుడు ఎవరో నన్నే చూస్తున్నట్టు, నా గురించే మాట్లాడుకుంటున్నట్టు అనిపిస్తోంది.

మత్తు దిగాక పూర్తిగా పోతే, మీ మెదడుకు గంజాయి పడటం లేదన్నమాట. ఆపేయండి. మర్నాడు కూడా ఆ అనుమానాలు ఉంటే, ఎవరివో గొంతులు వినిపిస్తే, వెంటనే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ అనే మానసిక జబ్బులు ఉంటే గంజాయి మీకు పూర్తిగా నిషిద్ధం అనుకోండి. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది కాబట్టి మీ వయసులో ఈ ముప్పు ఎక్కువ.

ఆపేద్దామనుకుంటున్నాను. ఒక్కసారిగా ఆపొచ్చా?

గంజాయిని ఆపొచ్చు. మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, పిచ్చి కలలు ఉంటాయి, చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మద్యం విషయం జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావొచ్చు, తర్వాత మతిభ్రమణం కూడా రావొచ్చు. చేతులు వణుకుతుంటే, పొద్దున్నే ఒక గుక్క లేకుండా గడవకపోతే, డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి.

నా రూమ్మేట్ ప్రతి వారం రెండూ కలుపుతున్నాడు. ఎలా మాట్లాడాలి?

మత్తులో ఉన్నప్పుడు కాదు, అందరి ముందూ కాదు. మర్నాడు మధ్యాహ్నం, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. తీర్పు చెప్పకండి, మీరు చూసింది చెప్పండి: "నిన్న రాత్రి నువ్వు గంటసేపు పలకలేదురా. నాకు చాలా భయమేసింది." తర్వాత అతనికి ఎలా ఉందో అడిగి, ఊరుకుని వినండి.

"అందరూ చేస్తున్నారు కదా" అంటాడు. తోటివాళ్లు ఎంత తాగుతున్నారు, ఎంత పీలుస్తున్నారు అన్నదాన్ని విద్యార్థులు దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఊహించుకుంటారని అనేక పరిశోధనల్లో బయటపడింది. పార్టీలో గట్టిగా అరిచేవాళ్లు కనిపిస్తారు, గదిలో పడుకున్నవాళ్లు కనిపించరు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆలన్ మార్లట్ బృందం తాగుడు విషయంలో విద్యార్థుల కోసం తయారుచేసిన "బేసిక్స్" పద్ధతి ఇలాంటి సంభాషణే. తిట్లు లేకుండా, విద్యార్థి తాగుడు లెక్కను మిగతావాళ్ల అసలు లెక్క పక్కన పెట్టి చూపించి, ఏం మార్చుకోవాలో తననే చెప్పనిస్తారు.

ఒక్క సంభాషణతో మారతాడని ఆశించకండి. పూర్తిగా మానమని అడిగితే కాదంటాడేమో. "తాగినప్పుడు పీల్చకు, బండి తాళం నాకివ్వు, ఒంటరిగా వద్దు" అని అడిగితే ఒప్పుకోవచ్చు. వినకపోతే మీరొక్కరే మోయకండి. వార్డెన్, కౌన్సెలర్, అతని అక్కో అన్నో, అతను మాట వినే ఎవరో ఒకరికి చెప్పండి. అతనికి కోపం వస్తుంది. రానివ్వండి.